సైటు అమ్మకుండా చెల్లికి గిఫ్ట్ డీడ్ రాసేశాం, మధ్యవర్తి కమీషన్ అడుగుతున్నాడు, ఇవ్వాలా?

సైటు_గోల:

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్ట్, ఓపిగ్గా చదవండి. గుంటూరు జిల్లాలో మా నాన్న పేరు మీద ఒక 5 సెంట్ల ఇళ్ల స్థలం ఉంది. రిటైరయ్యాక దాన్ని అమ్మేద్దామని పోయిన ఏడాది తెలిసిన మధ్యవర్తి ఒకాయనకి చెప్పారు. కాగితం గీగితం ఏమీ లేదు, అంతా నోటిమాటే, "నువ్వు అమ్మిపెట్టు, రెండు పర్సెంట్ ఇస్తాం" అన్నారు, ఆయన సరే అన్నాడు.

ఆయన ఊరికే కూర్చున్నాడని నేను అనను. ఈసీ (సైటు మీద లావాదేవీలు, అప్పులు చూపే రిజిస్ట్రేషన్ ఆఫీసు సర్టిఫికెట్) తీయించాడు, సర్వేయర్ని తెచ్చి కొలిపించాడు, కొలిస్తే పక్కింటాయన ప్రహరీ గోడ మా స్థలంలోకి ఒక అడుగు లోపలికి వచ్చి ఉంది. అది ఇన్నేళ్ళూ మాకే తెలీదు, నాన్న వెళ్ళి అడిగితే ఆ పక్కాయన గొడవకి దిగాడు, ఈ మధ్యవర్తే నాలుగైదు సార్లు వెళ్ళి నయానో భయానో చెప్పి ఆ గోడ మూల వరకు తీయించి హద్దు రాళ్ళు పాతించాడు. సర్వేయర్ డబ్బులు, రాళ్ళ డబ్బులు, కూలీ ఆయనే పెట్టుకున్నాడు, అమ్మాక లెక్క చూసుకుందాం అన్నాడు.

తర్వాత పార్టీలని తెచ్చాడు. అందులో ఒక టీచర్ గారు సెంటు 4 లక్షలకి ఒప్పుకున్నారు, నాన్న కూడా "సరే చూద్దాం, మంచి రోజు చూసుకుని టోకెన్ ఇవ్వండి" అన్నారు. ఆ మంచి రోజు రాకముందే ఇంట్లో మాటలు మారాయి, చెల్లి వాళ్ళు అద్దె ఇంట్లో ఉంటున్నారు, బయటివాళ్ళకి ఎందుకు మన పిల్లకే ఇద్దాం అని అమ్మ పట్టు పట్టింది, నాన్న మెత్తబడ్డారు, నాకూ అభ్యంతరం లేదు. చెల్లి పేరు మీద గిఫ్ట్ సెటిల్‌మెంట్ రిజిస్టర్ చేసేశాం. టోకెన్ రూపాయి కూడా తీసుకోలేదు.

ఇప్పుడు మధ్యవర్తి ఇంటికొచ్చి 20 లక్షల బేరం కాబట్టి మా వైపు రెండు పర్సెంట్ 40 వేలు, మా వల్ల అవతలి వైపు పోయిన కమీషన్ ఇంకో 40 వేలు, మొత్తం 80 వేలు అంటున్నాడు. దానికి తోడు టీచర్ గారి లాయర్ కి చూపించడానికని నాన్న ఇచ్చిన 1987 నాటి లింక్ డాక్యుమెంట్ (సైటు పాత దస్తావేజు) ఒరిజినల్ ఆయన దగ్గరే ఉండిపోయింది, డబ్బులిస్తేనే ఇస్తానంటున్నాడు. స్టేషన్ కి వెళ్తానని కూడా అన్నాడు. నాన్నకి మొహమాటం, ఇచ్చేద్దాంలే అంటారు. నాకేమో మాకు పైసా రానిదానికి 80 వేలు ఎందుకివ్వాలి అని. మీరేమంటారు?

నిద్రలేని_నాని:

రూపాయి చేతికి రాలేదు కదా బ్రో, సున్నాలో రెండు పర్సెంట్ ఎంతో ఆయన్నే లెక్క కట్టి చెప్పమను 😀 అసలు ఆయనకి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ ఉందా అడుగు, లేకపోతే కమీషన్ అడిగే హక్కే లేదు, నువ్వే రివర్స్ లో కంప్లైంట్ ఇవ్వొచ్చు. ఈ బ్రోకర్లకి ఒక్కసారి ఇచ్చావా జన్మలో వదలరు.

ప్లాట్లు_పొలాలు:

నేనూ ఈ లైన్లోనే ఉన్నాను కాబట్టి ఆ బ్రోకర్ తరఫున నాలుగు ముక్కలు మాట్లాడతా, తిట్టుకోండి పర్లేదు. జనానికి మేం చేసేది ఏంటంటే ఇద్దరి ఫోన్ నంబర్లు కలపడం అనుకుంటారు. ఆ గోడ తీయించిన పని చూడండి. అది మీరు కోర్టుకి వెళ్ళి ఉంటే ఏళ్ళు పట్టేది, లాయర్ ఫీజే ఆయన అడిగేదానికన్నా ఎక్కువ అయ్యేది. ఇప్పుడు మీ చెల్లెలి చేతికి హద్దులు తేలిపోయిన శుభ్రమైన సైటు వచ్చింది, ఎవరి వల్ల?

ఇంకోటి, గిఫ్ట్ డీడ్ అనగానే మాకు ఎందుకు మండుతుందో చెప్తా. మా దగ్గర ఒక ఓనర్ ఇలాగే చేశాడు, నేను తెచ్చిన పార్టీ ఆయనకి దూరపు చుట్టం అని మధ్యలో తెలిసింది, అంతే, ఇద్దరూ నన్ను పక్కన పెట్టేసి "మేం మేం చూసుకుంటాం, అమ్మట్లేదు, మావాడికి ఊరికే ఇచ్చేస్తున్నా" అన్నారు. ఈసీ తీస్తే గిఫ్ట్ అనే ఉంది. డబ్బులు మాత్రం చేతులు మారాయని ఊళ్ళో అందరికీ తెలుసు. కాబట్టి గిఫ్ట్ అన్న మాట వినగానే మీ మధ్యవర్తికి అనుమానం రావడంలో తప్పేం లేదు.

మీ కేసులో చెల్లెలికి ఇచ్చారు కాబట్టి నేను నమ్ముతా. అయినా రెండు ప్రశ్నలు. ఆ టీచర్ గారి బేరానికి మీ నాన్నగారు గట్టిగా ఒప్పుకున్నారా, లేక "చూద్దాం" అన్నారా? చెల్లెలు వాళ్ళ దగ్గర్నుంచి ఏమైనా డబ్బు వచ్చిందా? నిజం చెప్పండి, ఇక్కడ మిమ్మల్ని ఎవరూ పట్టుకోరు.

సివిల్_సైడ్:

ముందు రెరా సంగతి. నాని గారు చెప్పింది ఇక్కడ అతకదు. 2016 రెరా చట్టం సెక్షన్ 9 ప్రకారం ఏజెంట్ రిజిస్ట్రేషన్ కావాల్సింది రిజిస్టర్ అయిన ప్రాజెక్టుల్లో ప్లాట్లు, ఫ్లాట్లు అమ్మించేవాళ్ళకి. మీ నాన్నగారి సొంత పాత సైటు ప్రాజెక్టు కాదు. ఆ బెదిరింపు పెట్టుకుని వెళ్తే ఆయన ఎవరో లాయర్ని అడిగి వచ్చి మీ మొహం మీదే నవ్వుతాడు.

అసలు విషయానికొద్దాం. మధ్యవర్తి అంటే చట్టం దృష్టిలో మీ నాన్నగారి ఏజెంట్, 1872 కాంట్రాక్ట్ చట్టం వర్తిస్తుంది. అందులో సెక్షన్ 219 ఏమంటుందంటే వేరే ప్రత్యేక ఒప్పందం లేకపోతే ఏ పని కోసం పెట్టుకున్నారో ఆ పని పూర్తయ్యేవరకు ఏజెంట్ కి ప్రతిఫలం బాకీ పడదు. కాబట్టి మొత్తం గొడవ ఒక్క దగ్గర ఆగుతుంది, మీ నాన్నగారు ఆయనకి అప్పజెప్పిన పని ఏంటి? సైటు అమ్మించడమా, లేక కొనేవాణ్ణి తెచ్చి నిలబెట్టడమా? మొదటిదైతే అమ్మకం జరగలేదు, కమీషన్ లేదు. రెండోదైతే ఆయన పని అయిపోయినట్టే, తర్వాత మీరు అమ్ముకుంటారో దానం చేసుకుంటారో ఆయనకి సంబంధం లేదు.

ఇది నా సొంత తర్కం కాదు. 1950లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన అబ్దుల్లా అహ్మద్ కేసు ఉంది, కలకత్తాలో ఒక ఆస్తి గురించి. ఓనర్ రాసిచ్చిన కాగితంలో ఫలానా రేటుకి కొనేవాళ్ళని కుదిర్చితే ఇంత ఇస్తాను అని ఉంది. మధ్యవర్తి కుదిర్చాడు. ఓనర్ ఆయన్ని పక్కన పెట్టి వేరేగా తక్కువ రేటుకి రిజిస్ట్రేషన్ చేసుకున్నాడు. కోర్టు మధ్యవర్తికే కమీషన్ ఇప్పించింది, ఎందుకంటే కాగితం ప్రకారం ఆయన పని కొనేవాళ్ళని కుదర్చడంతో అయిపోయింది. దీనికి ఎదురుగా ఇంగ్లండులో 1941 నాటి లక్సర్ వర్సెస్ కూపర్ కేసు, అది సినిమా హాళ్ళ అమ్మకం, అమ్మకం పూర్తయ్యాక 10,000 పౌండ్లు అని మాట. ఏజెంట్ పార్టీని తెచ్చాడు, ఓనర్లు మనసు మార్చుకుని వెనక్కి తగ్గారు, హౌస్ ఆఫ్ లార్డ్స్, అంటే అప్పట్లో అక్కడి పై కోర్టు, పైసా ఇవ్వక్కర్లేదంది. పెద్ద మొత్తం ఆశకి ఏజెంట్ ఆ రిస్క్ తీసుకున్నట్టే అన్నారు. అంటే మాట ఎలా కుదిరిందో దాన్ని బట్టే తీర్పు, గిఫ్టా సేలా అన్నది ఆ తర్వాతి సంగతి.

మీరు పోస్టులో రాసిన మాట "అమ్మిపెట్టు, ఇస్తాం" అయితే మీది లక్సర్ కేసు లాంటిదే, కమీషన్ ఇవ్వక్కర్లేదు. కానీ నోటిమాట కాబట్టి రేపు ఆయన "పార్టీని తెస్తే చాలన్నారు" అంటే మీది ఒక మాట ఆయనది ఒక మాట. వాట్సాప్ లో ఏమైనా మెసేజ్ లు ఉన్నాయేమో వెతకండి. ఫోన్ మార్చేటప్పుడు పోగొట్టుకోకండి.

రెండో 40 వేలు మర్చిపోండి. అవతలి పార్టీ ఇస్తానన్న కమీషన్ అవతలి పార్టీతో ఆయన ఒప్పందం, మీ నాన్నగారు దానికి హామీ ఏమీ ఉండలేదు కదా.

సైటు_గోల:

థాంక్స్ అండి ఇంత వివరంగా చెప్పినందుకు. వాట్సాప్ వెతికా. నాన్న ఫోన్ లో ఆయన పంపిన వాయిస్ మెసేజ్ ఒకటి దొరికింది, "మీకు సైటు అమ్ముడుపోయి రిజిస్ట్రేషన్ అయిన రోజే నా రెండు పర్సెంట్ ఇవ్వండి బాబాయ్, ముందు వద్దు" అని ఆయనే అంటున్నాడు. టీచర్ గారికి నాన్న గట్టి మాట ఇవ్వలేదు, "ఇంట్లో ఒకసారి అనుకుని చెప్తా, మీరు మాత్రం రోజు చూసుకోండి" అన్నారంట, ఇప్పుడు అడిగితే అదే చెప్తున్నారు.

ప్లాట్లు పొలాలు గారి రెండో ప్రశ్నకి... నాన్నకి బ్యాంకులో ఒక లోన్ ఉండేది, దాదాపు 6 లక్షలు, అది చెల్లి వాళ్ళాయన కట్టేశాడు. సైటు ఇస్తున్నారని కాదు, ఎప్పటినుంచో కడతాననే అంటున్నాడు, కాకపోతే రెండూ ఒకే నెలలో జరిగాయి. ఇది ఏమైనా సమస్యా?

నిద్రలేని_నాని:

అదీ సంగతి 😀 ఇది గిఫ్టా, ఫ్యామిలీ డిస్కౌంటా?

సివిల్_సైడ్:

నాని గారు నవ్వుతున్నారు కానీ ప్రశ్న సరైనదే. 1882 ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 122 ప్రకారం గిఫ్ట్ అంటే ప్రతిఫలం లేకుండా ఇష్టపూర్వకంగా ఇచ్చేది, పుచ్చుకునేవాళ్ళు ఒప్పుకోవాలి. సెక్షన్ 54 ప్రకారం ధర తీసుకుని ఇస్తే అది అమ్మకం. ధర మొత్తం ఒకేసారి చేతికి రానక్కర్లేదు, ఇస్తానని మాటిచ్చినా ధరే. ఆ లోన్ కట్టడం సైటుకి బదులుగా కట్టిందే అయితే పైన ఏ పేరు పెట్టినా లోపల అమ్మకం అవుతుంది. మామగారి కష్టం చూసి అల్లుడు కట్టాడు, సైటు సంగతి వేరు అంటే గిఫ్ట్ గిఫ్టే. ఏది నిజమో మీ కుటుంబానికే తెలుసు, ఇక్కడ ఇంకా వివరాలు రాయకండి, మీ డాక్యుమెంట్ చూసిన లాయర్ని అడగండి. దగ్గరివాళ్ళకి గిఫ్ట్ రాస్తే సేల్ డీడ్ కన్నా స్టాంపు డ్యూటీ తక్కువ కాబట్టి ప్రశ్న మధ్యవర్తి దగ్గరే ఆగకపోవచ్చు.

ఇంకో విషయం, డీడ్ లో గిఫ్ట్ అని ఉంది కదా ఇక ఎవరూ ఏమీ అనలేరు అనుకుంటారు చాలామంది. డీడ్ లో పార్టీ అయినవాళ్ళకే ఆ కట్టుబాటు. బయటివాడు, అంటే ఇక్కడ మధ్యవర్తి, దీని వెనక అసలు ఒప్పందం వేరే ఉంది అని సాక్ష్యం చూపించుకోవచ్చు. ప్లాట్లు పొలాలు గారు చెప్పిన దూరపు చుట్టం కథలో ఆయన అలాగే వెళ్ళాల్సింది.

కానీ మీ కేసులో, ఒకవేళ దీన్ని అమ్మకం అనుకున్నా, మధ్యవర్తికి కమీషన్ రావాలంటే ఆ కొన్నవాళ్ళు ఆయన వల్ల వచ్చి ఉండాలి. మీ చెల్లెల్ని ఆయన తీసుకురాలేదు. ఆయన ప్రయత్నానికీ ఈ బదిలీకీ సంబంధం లేదు. ఇక ఏ రకంగా బదిలీ అయినా, ఎవరికి ఇచ్చినా కమీషన్ ఇవ్వాలి అని రాతపూర్వకంగా ఒప్పుకుని ఉంటే వేరే సంగతి, కొంతమంది ఏజెంట్లు ఇప్పుడు అలాంటి షీట్లు సంతకం పెట్టించుకుంటున్నారు, మీకు అలాంటిది లేదు. ఆ వాయిస్ మెసేజ్ జాగ్రత్తగా దాచండి. ఫార్వర్డ్ చేసుకున్న కాపీ కాదు, అసలు ఫోన్ లోనే ఉంచండి, కోర్టులో ఎలక్ట్రానిక్ సాక్ష్యం పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ అడుగుతారు.

తెల్ల_మారుతి:

భూమి కాదు గానీ ఇలాంటిదే మాకు కారుతో అయింది. పాత కారు అమ్మిపెట్టమని ఒక సెకండ్ హ్యాండ్ కార్ల కన్సల్టెన్సీ వాడి దగ్గర పెట్టాం. నెలలు గడిచాయి, వచ్చినోళ్ళంతా స్క్రాప్ రేటు అడుగుతున్నారు, విసుగొచ్చి మా ఆయన మా పాత డ్రైవర్ కి, చాలా ఏళ్ళు మా దగ్గర చేసిన మనిషి, ఊరికే ఇచ్చేశారు. కన్సల్టెన్సీ వాడు బండి ఇవ్వడానికి ఒప్పుకోలేదు, మార్కెట్ రేటు మీద మూడు పర్సెంట్ అన్నాడు. మేం ఇవ్వం అన్నాం. అప్పుడు కమీషన్ మాట వదిలేసి పార్కింగ్, బ్యాటరీ చార్జింగ్, వాటర్ వాష్ అంటూ ఒక బిల్లు తీశాడు. బ్యాటరీ నిజంగానే మార్చాడు, దానికి రసీదు కూడా చూపించాడు. దానికిచ్చాం, రసీదు లేనివాటికి ఇవ్వలేదు, అరగంట అరిచి తాళాలిచ్చాడు. మీవాడు కూడా చివరికి అక్కడికే వస్తాడు, చూడండి.

ప్లాట్లు_పొలాలు:

సివిల్ సైడ్ గారు చెప్పింది చదివాక 40 వేలు కమీషన్ గా అడగడం కష్టమే అని నాకూ అనిపిస్తోంది, ముఖ్యంగా ఆ వాయిస్ మెసేజ్ ఆయనే పంపాక. కానీ గోడ తీయించింది, సర్వే, రాళ్ళు, ఈసీ, ఇవి గాలికి పోతాయా? ఆయన జేబులోంచి పెట్టాడు. కమీషన్ వస్తుందన్న ధైర్యంతోనే పెట్టాడు, దానధర్మం కింద కాదు.

లింక్ డాక్యుమెంట్ విషయంలో మాత్రం నేను మా వాళ్ళని సమర్థించను. ఒరిజినల్ కాగితం పట్టుకుని కూర్చోవడం ఈ లైన్లో పేరు చెడగొట్టుకునే పని, ఒక్కసారి ఊళ్ళో ఆ మాట పాకిందంటే ఎవడూ కాగితం చేతికివ్వడు.

సివిల్_సైడ్:

ఖర్చుల విషయంలో ప్లాట్లు పొలాలు గారితో పూర్తిగా ఏకీభవిస్తా, కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 70 దాదాపు ఈ మాటే చెప్తుంది. ఊరికే చేసే ఉద్దేశం లేకుండా ఒకరు మీకోసం చట్టబద్ధంగా ఏదైనా చేసి, దాని లాభం మీరు అనుభవిస్తే, దానికి పరిహారం ఇవ్వాలి. హద్దు రాళ్ళు ఇవాళ్టికీ అక్కడే ఉన్నాయి, మీ చెల్లెలు వాటి లోపలే ఇల్లు కట్టుకుంటుంది. ఆ డబ్బు ఇవ్వనంటే మీదే తప్పు.

డాక్యుమెంట్ గురించి, ఇక్కడ చాలామంది అనుకునేదానికి కొంచెం తేడా ఉంది. సెక్షన్ 221 ప్రకారం ఏజెంట్ తనకి రావాల్సిన కమీషన్, పెట్టిన ఖర్చులు, చేసిన సేవల బాకీ తీరేదాకా యజమాని కాగితాలు తన దగ్గర ఉంచుకోవచ్చు, వేరే ఒప్పందం లేకపోతే. కాబట్టి "దొంగతనం కేసు పెడతా" అని ఆయన మీదికి వెళ్ళకండి. కానీ ఆ హక్కు నిజంగా బాకీ ఉన్నంతవరకే. కమీషన్ బాకీ లేదనుకుంటే ఖర్చులు మాత్రమే మిగిలాయి. ఆ ఖర్చులు మీరు ఇస్తామన్నాక, ఇచ్చాక, కాగితం పట్టుకునే హక్కు పోతుంది. స్టేషన్ కి వెళ్తానంటే వెళ్ళమనండి, ఇది సివిల్ గొడవ, వాళ్ళు కోర్టుకి వెళ్ళమంటారు. ఆయన దావా వేయాలంటే బాకీ అయినప్పటి నుంచి మూడేళ్ళ గడువు ఉంది, 1963 లిమిటేషన్ చట్టం. కాబట్టి ఇప్పుడు ఊరుకున్నాడు కదా అని అయిపోయింది అనుకోకండి.

కోర్టు దాకా వెళ్ళే ఇష్టం ఇద్దరికీ లేకపోతే మండల న్యాయ సేవల కమిటీలో గానీ జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో గానీ దరఖాస్తు పెట్టుకోండి, కేసు వేయకముందే లోక్ అదాలత్ లో కూర్చోబెడతారు. ఫీజు లేదు. అక్కడ రాజీ అయిపోతే వాళ్ళిచ్చే అవార్డుకి, అంటే రాజీ ఉత్తర్వుకి, కోర్టు డిక్రీ విలువ ఉంటుంది, మళ్ళీ అప్పీల్ ఉండదు.

తెల్ల_మారుతి:

కాస్త టాపిక్ బయట అడుగుతున్నా. నాన్నగారికి ఇంకేమైనా ఆస్తి ఉందా? లేకపోతే డీడ్ లో తల్లిదండ్రుల్ని చూసుకోవాలి అన్న షరతు రాయించారా? పిల్లలు చూసుకోకపోతే గిఫ్ట్ రద్దు చేయించుకోవడానికి 2007 సీనియర్ సిటిజన్ల చట్టం సెక్షన్ 23 ఉపయోగపడాలంటే ఆ షరతు ఉండాలంటారు, మా బంధువుల్లో ఒకరు రాయించుకోక చాలా ఇబ్బంది పడ్డారు.

సైటు_గోల:

@తెల్ల_మారుతి గారు, ఇల్లు నాన్న పేరు మీదే ఉందండి, పెన్షన్ ఉంది, ఇబ్బంది లేదు. షరతు అయితే రాయించలేదు.

సరే, నాన్నతో కూర్చుని మాట్లాడా. కమీషన్ పేరుతో 80 వేలు గానీ 40 వేలు గానీ ఇవ్వం. సర్వేయర్, రాళ్ళు, కూలీ, ఈసీ లెక్క ఆయన్నే రాసివ్వమన్నా, 11,400 అని చెప్పాడు. రసీదు సర్వేయర్ దానికి ఒక్కదానికే ఉందంట, మిగతావి రసీదులుండే పనులు కావు కాబట్టి నేను పేచీ పెట్టట్లేదు, అవి జరిగాయని నా కళ్ళతో చూశా. గోడ కోసం తిరిగినందుకు నాన్న ఇంకో పది వేలు పైన ఇస్తానంటున్నారు, అది కమీషన్ కాదు, ఆయన కష్టానికి అని. నాకు కూడా అది సబబే అనిపిస్తోంది, ఆ పక్కింటాయన ఎలాంటివాడో తెలిసినవాళ్ళెవరూ కాదనరు. మధ్యవర్తి ఫోన్ లో "ఆలోచిస్తా" అన్నాడు కానీ గొంతు కాస్త తగ్గింది.

ఇప్పుడు ఒక్కటే అడుగుతున్నా. డబ్బులిచ్చేటప్పుడు ఆయన దగ్గర ఏం రాయించుకోవాలి? పది వేలు తీసుకుని రేపు "అది అడ్వాన్స్, మిగతా 30 వేలు ఎప్పుడు" అంటే?

ప్లాట్లు_పొలాలు:

అంటాడు 😀 అలా అనేవాళ్ళు ఉన్నారు. యూపీఐలో పంపండి, నోట్ లో "సర్వే ఖర్చులు, పూర్తి సెటిల్‌మెంట్" అని కొట్టండి. క్యాష్ ఇవ్వద్దు. ఇంకోటి, టీచర్ గారికి మీ నాన్నగారే ఒకసారి ఫోన్ చేసి సైటు అమ్మట్లేదని చెప్పమనండి, టీచర్ గారు ఇప్పటికీ మధ్యవర్తినే పీకుతుంటారు, మధ్యవర్తి కోపంలో సగం దానివల్లే.

సివిల్_సైడ్:

కాగితం పెద్దది అక్కర్లేదు. సైటు సర్వే నంబరు, హద్దులు రాసి, "ఈ స్థలం అమ్మకం కోసం నేను చేసిన పనికి, పెట్టిన ఖర్చుకి సంబంధించి ఫలానా మొత్తం ముట్టింది, ఈ స్థలం విషయంలో కమీషన్ గానీ ఇంకే రూపంలో గానీ నాకు మీ నుంచి గానీ మీ అమ్మాయి నుంచి గానీ రావాల్సింది ఏమీ లేదు, 1987 నాటి ఫలానా నంబరు డాక్యుమెంట్ ఒరిజినల్ ఈ రోజు తిరిగి ఇచ్చాను" అని ఆయన చేత్తో రాయించండి. తేదీ, సంతకం, ఇద్దరు సాక్షులు. అమ్మాయి పేరు తప్పకుండా ఉండాలి, రేపు సైటు ఆమెది కాబట్టి ఆమె దగ్గరికి వెళ్ళే అవకాశం ఉంది.

డాక్యుమెంట్ చేతికి తీసుకున్నాక అక్కడే పేజీలు లెక్క పెట్టుకోండి, వెనక వైపు సబ్ రిజిస్ట్రార్ ముద్రలు ఉన్నాయో లేదో చూసుకోండి, కలర్ జెరాక్స్ లు ఇప్పుడు ఒరిజినల్ లాగే వస్తున్నాయి. అది అయ్యాకే యూపీఐ నొక్కండి.

సైటు_గోల:

సరేనండి. ఆదివారం రమ్మన్నాం.